ఒర్రె అవతలి బీడుకు దారి: గూనలు వేయాలా, కాంక్రీటు పరవాలా, వంతెన కట్టాలా?

మా ఇల్లు, కొట్టం ఒర్రెకు ఇవతల ఉన్నాయి. పశువులు మేసే ఆరెకరాల బీడు అవతల ఉంది. ఒర్రె వెడల్పు ముప్పై అడుగులు. ఎండాకాలంలో చెప్పులు తడవకుండా దాటొచ్చు. పైన చెరువు మత్తడి (అలుగు) దూకిందంటే మాత్రం నడుం లోతు పారుతుంది, పోయిపోయి ఆకేరు వాగులో కలుస్తుంది. ఈ ముప్పై అడుగుల కోసం నేను రెండుసార్లు డబ్బు పెట్టాను. మొదటిసారి పెట్టింది ఆకేరు దారే పట్టింది.

మీ దగ్గర దాన్ని వాగు అంటారేమో, సీమలో అయితే వంక అంటారు. పేరేదైనా అవతల భూమి ఉన్న రైతుకు ఈ తలనొప్పి తప్పదు. సలహాలకు కొదవ ఉండదు. జేసీబీ డ్రైవరు మట్టి పోస్తే చాలంటాడు, మేస్త్రి స్లాబు వేద్దామంటాడు, గూనలు, అంటే పెద్ద సిమెంటు పైపులు అమ్మేవాడు నాలుగు గూనలతో పని అయిపోతుందంటాడు. ఎవరి చేతిలో ఉన్న పని వాళ్లకు మంచిది. అందుకే వాళ్లను పిలవకముందే కొన్ని సంగతులు మనమే తేల్చుకోవాలి.

ముందు రోజులు లెక్కబెట్టండి

"ఎంత వరదకైనా తట్టుకోవాలి" అని నేను మొదలుపెట్టాను. అక్కడే తప్పు జరిగింది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఏడాదిలో ఎన్ని రోజులు దాటకుండా ఉండగలను?

పోయిన రెండు వానాకాలాలు గుర్తు చేసుకుని, పాలు పోసిన లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని చూస్తే, ఏడాదికి పది పన్నెండు రోజులకు మించి ఒర్రె నన్ను ఆపలేదని తేలింది. అదీ వరుసగా మూడు రోజులకు మించలేదు. ఆ మూడు రోజులు బర్రెలను కొట్టంలోనే కట్టేసి ఎండు వరిగడ్డి, ఇవతల కోసి పెట్టుకున్న పచ్చిగడ్డి వేస్తే గడిచిపోతుంది. మేత బీడుకు ఈ సౌకర్యం ఉంది. కొట్టమే అవతల ఉండి పొద్దున్నే పాలు సెంటరుకు చేరాల్సి వస్తే అలా కుదరదు. అవతల ఇల్లుండి పిల్లలు బడికి పోవాల్సి ఉంటే ఇక ఖర్చు సంగతి తర్వాత, వంతెన గురించే ఆలోచించాలి.

రెండోది, దాటేదేమిటి? బర్రెలు, గొర్రెలు, బండి మీద పాలక్యాను మాత్రమేనా, ట్రాక్టరు కూడానా? 45 హెచ్‌పీ ట్రాక్టరు ఒక్కటే రెండు టన్నులు ఉంటుంది, నిండు ట్రాలీ తగిలిస్తే ఏడెనిమిది టన్నులు లెక్కేసుకోవాలి. అవతల వరి ఉంటే హార్వెస్టరు రావాలి. టైర్ల హార్వెస్టరుకు ముందున్న కట్టర్ బార్ పద్నాలుగు అడుగుల దాకా ఉంటుంది. పన్నెండు అడుగుల వంతెన కట్టి రెండు పక్కలా నడుమెత్తు గోడలు లేపినవాళ్లను చూశాను. కోత రోజున హార్వెస్టరు గోడల ముందే నిలబడిపోయింది. అంచులు తెలిసేలా అడుగున్నర ఎత్తు రాళ్లు పాతితే చాలు, కట్టర్ బార్ వాటి మీద నుంచి పోతుంది.

ఒర్రె ఎంత నీరు మోస్తుందో ఎలా తెలుస్తుంది

ఎండాకాలంలో గట్టు మీద తుమ్మ చెట్లను చూడండి. కొమ్మలకు గడ్డి, పాలిథిన్ కవర్లు, పత్తికట్టె చిక్కుకుని ఉంటాయి. మొన్నటి వరద అక్కడిదాకా వచ్చిందన్నమాట. ఊళ్లో డెబ్బై ఏళ్ల పెద్దమనిషిని తీసుకొచ్చి ఆ కొమ్మ చూపించండి, "ఇదేం చూశావు, ఆ యేడు గట్టెక్కింది" అని ఇంకా పైకి చూపిస్తాడు.

ఒక చిన్న లెక్క కూడా వేసుకోవచ్చు. మీ ఒర్రెలోకి 250 ఎకరాల నీరు దిగుతుందనుకుందాం, అంటే సుమారు వంద హెక్టార్లు. గంటకు 60 మిల్లీమీటర్ల జోరు వాన, అందులో భూమి పీల్చుకోగా పారేది నూటికి నలభై వంతు అనుకుంటే సెకనుకు సుమారు 6,700 లీటర్లు వస్తుంది. నేను మొదటిసారి వేసినవి మూడు 450 మిల్లీమీటర్ల గూనలు. నీరు సెకనుకు రెండు మీటర్ల వేగంతో నిండుగా పారినా ఆ మూడింటిలో పోయేది 950 లీటర్లు. వచ్చేదాంట్లో ఏడో వంతు. మిగతా ఆరు వంతులు ఎటు పోవాలి? ఈ లెక్క నాకు గూనలు పోయాక తెలిసింది.

గూన వెడల్పు రెండింతలు చేస్తే లోపలి ఖాళీ నాలుగింతలవుతుంది. అంటే నాలుగు 600 గూనల పని ఒక్క 1200 గూన చేస్తుంది, పైగా దానికి చెత్త అంత తొందరగా అడ్డం పడదు.

పైన చెరువుందా లేదా అన్నది కూడా చూడాలి. చెరువుంటే చిన్న వానలకు ఒర్రె రాదు, కానీ ఒకసారి మత్తడి పడిందంటే వాన వెలిసినా రోజుల తరబడి పారుతుంది. కాలువ నీళ్లతో చెరువులు నింపుతున్న ఊళ్లలో ఒకప్పుడు సంక్రాంతికే ఎండిపోయే ఒర్రెలు ఇప్పుడు ఎండాకాలం దాకా తడిగా ఉంటున్నాయి. ఎండి ఉండే ఒర్రెకు సరిపోయే దారి, ఎప్పుడూ పారే ఒర్రెకు సరిపోదు.

ఎంత లెక్క వేసినా దానికి మించిన వాన ఒకటి ఉంటుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద మట్టీ కంకరా కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఇనుముకు ఏమీ కాలేదు చూడండి, దాని కిందున్న కట్ట పోయింది. రైలు కట్టకే దిక్కులేనప్పుడు మనం మొరం పోసి గూనల మీద వేసే కట్ట ఏపాటిది? నీరు మీద నుంచి పోయినా చెదరని దారి కావాలి. నా వరకు మంచి చెడ్డలు తేల్చే గీటురాయి అదొక్కటే.

గూనలు, పైన మొరం

మా దగ్గర గూనలంటాం, ఆంధ్ర వైపు తూరలంటారు, బిల్లులో హ్యూమ్ పైపులని ఉంటుంది. అందరూ ముందు దీనికే మొగ్గుతారు. ఒక్కరోజు పని, సాయంత్రానికి ట్రాక్టరు అవతలికి పోతుంది. ఆ సంతోషం మొదటి పెద్ద వరద దాకా ఉంటుంది.

నా గూనలు ఎలా పోయాయో చెబుతాను, ఎందుకంటే దాదాపు అందరివీ అలాగే పోతాయి. ఆగస్టులో రాత్రి వాన. పొద్దున టార్చి పట్టుకుని వెళ్లేసరికి పైనుంచి కొట్టుకొచ్చిన తుమ్మ కొమ్మ ఒకటి మూడు మూతులకూ అడ్డంగా పడి ఉంది. దానికి పత్తికట్టె, గడ్డి దడి కట్టినట్టు అల్లుకుపోయాయి. నీరు కట్ట మీద నుంచి పొర్లుతూ కింది వైపు నుంచి మొరాన్ని కోసుకుంటూ వస్తోంది. చూస్తుండగానే మధ్యలో గండి పడింది. గండి ఒక్కటే పడినా బాగుండేది, నీరు అంతకుముందే గట్టును కూడా పక్క నుంచి తిని పదిహేను అడుగుల చేనును తీసుకుపోయింది. రెండు గూనలు కింది రైతు పొలంలో దొరికాయి. ఆయన ఏమీ అనలేదు కానీ ట్రాక్టరుతో లాగించిన ఖర్చు నేనే పెట్టుకోవాల్సి వచ్చింది.

అయినా గూనలు అసలు వద్దని చెప్పను. ఏడాదంతా సన్నగా పారే చిన్న పాయ, పైన చెట్టూ చేమా తక్కువ, గట్లు ఎత్తుగా ఉంటే పనికొస్తాయి. 900 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. బరువు బండ్లు పోయే చోట ఎన్‌పీ3 రకం అడగండి, ఎన్‌పీ2 పలచనివి, ధర చూసి వాటికి పోవద్దు. మీటరు వెడల్పున్న ఎన్‌పీ3 గూన, రెండున్నర మీటర్ల పొడవుది, రెండు టన్నుల పైనే ఉంటుంది. దించడానికి జేసీబీ ఉంటే చాలదు, దాని కింద నేల గట్టిగా ఉందా అనేది కూడా ముందే చూసుకోవాలి. పైన కనీసం రెండడుగుల మట్టి దిమ్మిస చేసి ఉండాలి, లేకపోతే ట్రాలీ చక్రం కింద పగులుతుంది.

గూన అడుగు ఒర్రె అడుగు కంటే కొంచెం లోపలికి దిగి ఉండాలి. చాలామంది పైకి పెట్టేస్తారు. అప్పుడు కింది వైపు నీరు దూకి గుంట పడుతుంది, మెల్లగా ఆ గుంటే గూనను మింగుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. మొదటి వానలకు జెల్లలు, పరకలు, మట్టగిడిసెలు లాంటి చేపలు ఎదురెక్కుతాయి. గూన మూతి దగ్గర అడుగు ఎత్తు దూకుడు ఉంటే అవి అక్కడే ఆగిపోతాయి. పైన చెరువులో చేపలు తగ్గాయని ఊరంతా అనుకుంటారు, కారణం మన గూన అని మనకే తెలియదు.

ఒర్రె అడుగుకు సమానంగా రాతి దారి, కాంక్రీటు కాజ్‌వే

నేను రెండోసారి చేసింది కాంక్రీటు కాజ్‌వే. మేత బీడుకు, ఎక్కువ రోజులు ఎండి ఉండే ఒర్రెకు నా సలహా కూడా ఇదే.

ఇందులో నీటికి అడ్డం ఏమీ ఉండదు. ఒర్రె అడుగునే గట్టి చేస్తాం, అంతే. వరద మీద నుంచి పోతుంది, తగ్గాక మనం పోతాం. ముందు మీ ఒర్రెలో ఎక్కడైనా పరుపుబండ తేలి ఉందేమో వెతకండి. ఉంటే అక్కడే దారి చేసుకోండి, దానికి మించిన కాజ్‌వే ఏ మేస్త్రీ కట్టలేడు. లేకపోతే పశువులు ఇప్పటికే ఎక్కడ దాటుతున్నాయో చూడండి. అవి మెలిక దగ్గర దాటవు, బురదలో దిగవు. సాపుగా, గట్లు పల్లంగా ఉన్న చోటు వాటికి మనకంటే ముందే తెలుసు. ఒర్రె తిరిగే చోట మాత్రం కట్టొద్దు, బయటి గట్టును ఏటా కోస్తూనే ఉంటుంది.

డబ్బు తక్కువుంటే రాళ్లతోనే చేయొచ్చు. అడుగు లోతు బురద తీసేసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) పరిచి, తలకాయంత రాళ్లు పేర్చి, సందుల్లో కంకర, పైన మొరం కొట్టాలి. గుడ్డ లేకపోతే రెండేళ్లలో రాళ్లు బురదలోకి దిగిపోతాయి. పదునైన రాళ్లు పైకి తేలితే గిట్టలు కోసుకుని కుంటుతాయి కాబట్టి ఏటా వానలు వెనకబట్టాక మొరం కొట్టించుకోవాలి. పశువులకే అయితే ఇది చాలు. నిండు ట్రాలీ రోజూ పోతే చాలదు.

కాంక్రీటుకు నాది ఇలా పోయింది. ముప్పై అడుగుల ఒర్రె, రెండు వైపులా ఏటవాలుకు పదేసి అడుగులు, మొత్తం యాభై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, ఎనిమిది అంగుళాల మందం. ఎగువ అంచుకూ దిగువ అంచుకూ మూడడుగుల లోతున, తొమ్మిది అంగుళాల మందంతో భూమిలోకి గోడలు. అన్నీ కలిపితే 18 ఘనపు మీటర్ల దాకా కాంక్రీటు, మీటరుకు ఎనిమిది బస్తాల చొప్పున 140 పైచిలుకు సిమెంటు బస్తాలు. మీ దగ్గరి ధరలతో మీరే గుణించుకోండి, నేను కట్టినప్పటి ధర చెబితే ఇప్పుడు నవ్వుతారు.

భూమిలోకి దిగే ఆ గోడలు కనబడవు కాబట్టి మేస్త్రి వాటిని ఎగ్గొట్టాలని చూస్తాడు. "ఇంత స్లాబు బరువుంది, ఎక్కడికి పోతుందండీ" అంటాడు. స్లాబు ఎక్కడికీ పోదు, దాని కింది మట్టి పోతుంది, తర్వాత స్లాబు విరిగి పడుతుంది. దిగువ గోడ ముందు ఆరడుగుల మేర పెద్ద బండరాళ్లు పేర్పించండి. నీరు వాటి మీద పడి జోరు తగ్గాక ఇసుకలోకి పోవాలి.

ఏటవాలు అడుగు ఎత్తుకు ఎనిమిది అడుగుల పొడవుంటే నిండు ట్రాలీ ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది. పశువులకు నాలుగైనా చాలు, అంతకంటే నిటారైతే వానలో జారతాయి. కాంక్రీటు ఆరకముందే అడ్డంగా గీతలు గీయించడం మరిచిపోవద్దు. నున్నగా తాపీ పెట్టి అద్దంలా చేసి "చూడండి ఎంత బాగుందో" అనే మేస్త్రీలు ఉంటారు. ఆ అద్దం మీద పాచి పట్టాక చూడి బర్రె జారిపడితే ఆ నష్టం ఎవరు పూడ్చాలి?

మాకు ఆ పరీక్ష మొదటి రోజే వచ్చింది, పాచి లేకుండానే. తెల్లటి కొత్త కాంక్రీటు చూసి ఒక్క బర్రె కూడా కాలు పెట్టలేదు. ముందున్నది ముక్కుతో వాసన చూసి, బుస్సుమని, వెనక్కి తిరిగింది. అరగంట కేకలేశాం. చివరికి మా అమ్మ వచ్చి రెండు గంపల మట్టి, ఎండిన పేడ దాని మీద చల్లి, మందలో ముసలి బర్రెను ఒక్కదాన్నే తాడు పట్టుకుని నడిపించింది. మిగతావి దాని వెనకే వరుసగా వచ్చేశాయి. వారం తర్వాత వాన మట్టిని కడిగేసింది, అప్పటికి వాటికి అలవాటైపోయింది.

ఇంకొకటి, కాజ్‌వేకు రెండు పక్కలా ముళ్లతీగ వేసి పశువులు దాటి పోయేలా మాత్రమే చేయండి. వదిలేస్తే బర్రెలు అక్కడే పడుకుంటాయి, గట్లు తొక్కి బురద చేస్తాయి. నిలవ నీటి నత్తల వల్ల కార్జపు జలగ (పశువుల కాలేయంలో చేరే పురుగు) పట్టే చోట్ల ఇది ఇంకా ముఖ్యం. తాగే నీటికి తొట్టి వేరే కట్టుకోండి. ఒర్రెకు అడ్డంగా వచ్చే తీగను మాత్రం తెగిపోయేలా పలచగా కట్టాలి, గట్టిగా కడితే చెత్త పట్టి స్తంభాలతో సహా పోతుంది.

రెండూ కలిపిన రకం

ఎప్పుడూ మోకాలి లోతు పారే ఒర్రెలో అడుగు మట్టానికి కాంక్రీటు వేస్తే రోజూ నీళ్లలోనే నడవాలి, గిట్టలు నానిపోతాయి. అలాంటి చోట కింద 900 గూనలు రెండో మూడో వేసి, వాటి చుట్టూ పైనా మొరం బదులు కాంక్రీటే పోసి, మొత్తం ఎత్తు తక్కువగా ఉంచుతారు. రోజువారీ నీరు గూనల్లోంచి పోతుంది, వరద మీద నుంచి పోతుంది. ఊళ్ల మధ్య ఆర్అండ్‌బీ, పంచాయతీరాజ్ రోడ్ల మీద కనిపించే పాత లోలెవల్ కాజ్‌వేలు చాలావరకు ఇవే. మట్టి లేదు కాబట్టి కోసుకుపోయేదీ లేదు. ఖర్చు వట్టి కాజ్‌వే కంటే బాగా ఎక్కువ, గూనల మూతులు ఏటా రెండుసార్లు శుభ్రం చేయాలి. ఎత్తు పెంచాలన్న ఆశ పుడుతుంది, అణుచుకోండి. ఎత్తు పెరిగేకొద్దీ అది చెక్‌డ్యాం అవుతుంది, ఎగువ రైతు చేను మునుగుతుంది, పంచాయితీ మొదలవుతుంది.

స్లాబు కల్వర్టు, తాటి మొద్దులు

స్లాబు కల్వర్టు అంటే చిన్న వంతెనే. దాని మీద నేను పెద్దగా చెప్పను, అది ఇంజనీరు పని. పునాది నీటి కోతకు అందని లోతుకు, గట్టి నేల దాకా దిగాలి. ఊచల మందం మేస్త్రి అంచనాకు వదలకూడదు. ఒక్కరి బీడు కోసం ఇది దండగ. అవతల నలుగురైదుగురికి భూములుండి అందరూ కలిసి పెట్టుకుంటే మాత్రం తలా కొంతలో పడుతుంది, అది అన్నిటికంటే మంచి దారి. కలిసి కట్టేటప్పుడు వాటాలు, మరమ్మతు ఎవరిదనేది కాగితం మీద రాసుకోండి, అన్నదమ్ములైనా సరే.

మనుషులు మాత్రమే దాటాలంటే ముదురు తాటి మొద్దులు రెండు పక్కపక్కనే వేసి, పట్టుకోవడానికి తాడు కడితే ఏళ్లు నిలుస్తుంది. కాజ్‌వే మీద నీరున్న రోజున బీడులో మోటారు చూసి రావడానికి పనికొస్తుంది. తాటి చెట్టు కొట్టే ముందు గీత కార్మికులనూ ఎక్సైజ్ వాళ్లనూ అడగాలి.

ఏమీ కట్టకపోవడం కూడా ఒక దారే. రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగితే ప్రభుత్వం కట్టిన కాజ్‌వే ఉందా? ట్రాక్టరు ఏడాదికి పదిసార్లే పోతుందా? అయితే చుట్టే తిరగండి, పశువులకు రాళ్లు పరవండి.

పని పట్టేముందు

ఒర్రె మన పట్టా కాదు, రెండు వైపులా భూమి మనదైనా సరే. గ్రామ నక్షాలో పాత బండ్లబాట అక్కడ ఉంటే పని సులువు. తహసీల్దారు ఆఫీసులో, నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర దరఖాస్తు పెట్టి, ఎగువ దిగువ రైతులకు చెప్పి మొదలుపెట్టండి. ఒర్రెలో ఇసుక కళ్లముందే ఉంది కదా అని తీయడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఒప్పుకోదు, అడిగి తీసుకోవాలి.

ఏప్రిల్‌లో తవ్వి, మే మొదటి వారానికల్లా కాంక్రీటు పోయించాలి. వరిగడ్డి కప్పి రెండు వారాలు తడపండి, పశువులను ఆ తర్వాతే వదలండి. ట్రాక్టరుకు నాలుగు వారాలు ఆగాలి. లేటైతే మృగశిర వానలు పచ్చి కాంక్రీటు మీద పడతాయి.

అంచు రాళ్లలో ఒకదానికి మోకాలి కంటే కిందనే ఎర్ర రంగు పూయించండి, నీరు దాన్ని తాకితే ఎవరూ దిగకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. పారే నీరు రెండడుగులుంటే కారును కూడా తేల్చేస్తుంది, ఖాళీ ట్రాలీ ఏపాటిది. మా పాలేరు ఒకసారి "ఏం కాదు బాపు" అని దిగబోతే తాళం చెవి లాక్కున్నాను.

మొదటి వరద తగ్గిన రోజే గడ్డపార తీసుకుని దిగువ అంచు వెంట నడవండి. గోడ మొదట్లో నాలుగు చోట్ల పొడిచి చూడండి. పార సులువుగా కిందికి దిగిపోయిన చోట లోపల బోలుగా ఉన్నట్టే. అక్కడ తలకాయంత రాళ్లు దూర్చి, సందుల్లో సిమెంటు పూసేయండి. అదే వారంలో చేయండి, మత్తడి ఇంకోసారి పడేలోపు.